లెపిడస్ వేషం: మూడు మాటల పాత్రను నిలబెట్టడం

షేక్స్పియర్ 'జూలియస్ సీజర్'లో లెపిడస్ నోరు విప్పేది మూడుసార్లే. నాలుగో అంకం మొదటి రంగంలో ఉంటాడు, సొంత అన్న చావుకి ఒప్పుకుంటాడు, బదులుగా ఆంటొనీ మేనల్లుడి చావు అడుగుతాడు, సీజర్ వీలునామా తేవడానికి వెళ్లిపోతాడు. అంతా కలిపి నిమిషం పట్టదు. 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా'లో ఆరు రంగాల్లో కనిపిస్తాడు గానీ అక్కడా ఎక్కువ సేపు వింటూ నిలబడేవాడే. బ్రూటస్‌కీ ఆంటొనీకీ అందరూ పోటీ పడ్డాక, ఈ వేషం చివర్లో మిగిలినవాడి నెత్తిన పడటం ఏ నాటక సమాజంలోనైనా మామూలే. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు వేదికల మీద ఈ రంగాలు తెలుగులో ఆడదలచిన దర్శకుడికీ, ఆ మిగిలిన మనిషికీ పనికొచ్చే సంగతులు ఇవి.

ఒక్క సూత్రం ముందు పెట్టుకోండి. ఆంటొనీ, ఆక్టేవియస్‌లతో పంచుకున్న ప్రపంచంలో మూడో వంతు తనదేనని లెపిడస్ నిజంగా నమ్ముతున్నాడు. తాను వెళ్లిపోయాక వెనక ఏం మాట్లాడుకుంటారో అతనికి తెలియదు, తెలిసినట్టు నటించకూడదు. భయస్థుడిగానో జోకర్‌గానో మొదలుపెడితే, ఆంటొనీ అతన్ని తీసిపారేసే మాటలకి పని ఉండదు. ప్రేక్షకుడికి ముందే తెలిసిపోయిన సంగతిని ఆంటొనీ మళ్లీ చెప్పినట్టవుతుంది. రంగం అక్కడే చప్పబడిపోతుంది.

మనిషి ఎవరు

మార్కస్ ఎమిలియస్ లెపిడస్ క్రీ.పూ. 46లో సీజర్‌తో కలిసి కాన్సల్, అంటే ఏడాదికి ఇద్దరు చొప్పున ఉండే అత్యున్నత అధికారి. నియంతగా ఉన్న సీజర్‌కి ఆ తర్వాత అధికారికంగా కుడిభుజం. హత్య జరిగిన నాటికి రోమ్ దగ్గర సైన్యం అతని చేతిలోనే ఉంది. క్రీ.పూ. 43 నవంబరులో ఇప్పటి బొలోన్యా దగ్గర, ఒక నదీద్వీపంలో, ఆంటొనీ, సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియస్, లెపిడస్ కూర్చుని అధికారం పంచుకున్నారు. చంపాల్సినవాళ్ల జాబితా రాసుకున్నదీ అప్పుడే. తర్వాతి ఏడాది ఫిలిప్పీలో యుద్ధానికి మిగతా ఇద్దరూ వెళితే, ఇతను రోమ్‌లో ఉండిపోయాడు. క్రీ.పూ. 36లో సిసిలీలో ఇతని దళాలు ఆక్టేవియస్ వైపు తిరిగిపోయాయి, పదవి ఊడింది. ఆ తర్వాత సముద్రతీరాన సిర్సేయీలో కాపలా మధ్య 20 ఏళ్లకు పైగా బతికాడు. ప్రధాన పూజారి పదవి మాత్రం చచ్చేదాకా ఉంచారు.

వీటిలో నటుడికి నేరుగా అక్కరకొచ్చేది వయసు. జాబితా రాసేనాటికి లెపిడస్‌కి నలభై అయిదు దాటింది. ఆంటొనీ 40కి దగ్గర. ఆక్టేవియస్‌కి 20. అంటే ముగ్గురిలో పెద్ద లెపిడస్. మాటలు తక్కువ కదా అని కాలేజీ కుర్రాడికి ఇస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. నలభై అయిదు దాటిన, నిండైన మనిషికి ఇవ్వండి. గొంతు బాగున్నా, పద్యనాటకాల్లో ధర్మరాజు వేసిన అలవాటున్నా మరీ మంచిది. అలాంటి మనిషిని ఇరవై ఏళ్ల కుర్రాడు ప్రశ్న అడగడం, మరొకడు పనికి పంపడం చూస్తేనే జనానికి ఎక్కడో కలుక్కుమంటుంది.

బంధుత్వాలు, పిలుపులు

ఇంగ్లీషు పాఠంలో 'బ్రదర్' అన్న ఒక్క మాటతో సరిపోయింది. తెలుగులో అన్నో తమ్ముడో తేల్చాలి. చరిత్రలో జాబితాకెక్కినవాడు పాలస్, లెపిడస్‌కి ముందే కాన్సల్ అయినవాడు. 'అన్న' అనే పెట్టుకోండి. అన్న చావుకి తలూపడం తమ్ముడి చావుకి తలూపడం కన్నా మనవాళ్లకి బరువుగా తగులుతుంది. ఆంటొనీ వదులుకున్నది చరిత్రలో మేనమామని, లూసియస్ సీజర్‌ని. షేక్స్పియర్ ఆ మేనమామని పబ్లియస్ అనే అక్క కొడుకుగా మార్చాడు. మార్చింది మనకి కలిసొచ్చింది. మేనల్లుడంటే మన ఇళ్లలో సగం అల్లుడే. "బతకడు" అని ఆంటొనీ కన్నార్పకుండా అనేసరికి ముందు వరుసల్లో ఆడవాళ్లు ఉలిక్కిపడాలి. పడలేదంటే 'మేనల్లుడు' అన్న మాట మైకుకి అందలేదని అర్థం.

మూడో అంకంలో హత్య దగ్గర పబ్లియస్ అనే ముసలి సెనేటర్ ఒకడున్నాడు. మొత్తం నాటకం ఆడుతుంటే అతని పేరు మార్చేయండి, లేకపోతే ఇద్దరూ ఒకరే అనుకుంటారు.

పిలుపులు రాతప్రతిలోనే ఖాయం చేయండి, రిహార్సల్‌లో నటుల నోటికి వదిలేయొద్దు. నాలుగో అంకంలో లెపిడస్ మిగతా ఇద్దరినీ 'నువ్వు' అంటాడు, పెద్దవాడు కనక. వాళ్లు ముఖాన 'మీరు' అంటారు. అతను గుమ్మం దాటగానే ఆంటొనీ నోట 'వాడు', ఆక్టేవియస్ నోట 'ఆయన'. రెండో నాటకం మొదటి అంకం నాలుగో రంగానికి వచ్చేసరికి లెపిడస్ ఆక్టేవియస్‌ని 'మీరు' అనడం మొదలుపెడతాడు. అక్కడ షేక్స్పియర్ రాసిన మాటలే దానికి ఆధారం: బయట ఏం జరుగుతోందో తెలిస్తే నాకూ ఒక ముక్క చెప్పండి అని సాటి పాలకుణ్ణి బతిమాలుతాడు. ఎవరూ ఎత్తిచూపకుండానే ఆ 'మీరు' పని చేస్తుంది.

జాబితా రంగం

వేదిక మీద ఒక బల్ల, మూడు కుర్చీలు. మూడూ ఒకే ఎత్తు ఉండాలి. ఒకటి తక్కువ చేసి లెపిడస్‌కి వేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు, అది నాటకం చెప్పాల్సిన మాటని కుర్చీతో ముందే చెప్పించడం. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకానికి కట్టే మెట్ల వేదిక దొరికితే ముగ్గురినీ ఒకే మెట్టు మీద కూర్చోబెట్టండి. లెపిడస్ ఒక్కడే కిందికి దిగి వెళతాడు. మెట్టు అంతవరకే పనికొస్తుంది.

మాటలు ఈ వరుసలో పడాలి.

ఆంటొనీ: అయితే వీళ్లంతా పోవాల్సిందే. పేర్ల మీద గుర్తు పడింది.
ఆక్టేవియస్: మీ అన్నగారు కూడా పోవాలి. ఒప్పుకుంటారా లెపిడస్?
లెపిడస్: ఒప్పుకుంటాను...
ఆక్టేవియస్: గుర్తు పెట్టండి, ఆంటొనీ.
లెపిడస్: ...కానీ పబ్లియస్ బతకకూడదు. నీ మేనల్లుడు పబ్లియస్.
ఆంటొనీ: బతకడు. ఇదిగో, ఒక్క చుక్క. అయిపోయాడు. లెపిడస్, మీరు సీజర్ ఇంటికెళ్లి ఆ వీలునామా పట్రండి. పంపకాల్లో ఎక్కడెక్కడ కోత పెట్టొచ్చో చూద్దాం.
లెపిడస్: మీరిద్దరూ ఇక్కడే ఉంటారుగా?
ఆక్టేవియస్: ఇక్కడ. లేదంటే కేపిటల్ దగ్గర.

ఇక్కడ అందరూ జారిపడే చోటు 'ఒప్పుకుంటాను'. తెలుగులో రాసేవాళ్ల చెయ్యి సహజంగానే "పబ్లియస్‌ని చంపితే ఒప్పుకుంటాను" అని రాసేస్తుంది, క్రియ చివరికి పోతుంది. అలా రాస్తే రంగం పోయినట్టే. లెపిడస్ వాక్యం సగంలో ఉండగా ఆక్టేవియస్ దాన్ని కోసెయ్యాలి. షరతు వినకముందే గుర్తు పెట్టమంటున్నాడు, అంటే ఆ షరతు అతనికి లెక్కలేదు. కాబట్టి లెపిడస్ 'ఒప్పుకుంటాను' దగ్గర స్వరం దించకూడదు, ఊపిరి వదలకూడదు, చెయ్యి సగం పైకెత్తి ఉంచాలి. ఆక్టేవియస్ ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఆగితే, లెపిడస్‌కి షరతు అప్పుడే తట్టినట్టుంటుంది. అతనికి ముందే ఉంది. అన్నని ఇస్తున్నాడు గానీ ఊరికే ఇవ్వడం లేదు, బేరం ఆడుతున్నాడు. ఇదొక్కటే ఆ రంగంలో అతని రాజకీయం. దాన్ని మింగెయ్యొద్దు.

గుర్తు పెట్టే చప్పుడు వినపడాలి. కాగితం, పెన్ను వద్దు. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ప్లైవుడ్ పలకకి నల్లరంగు వేసి, తాటాకు మీద రాసే గంటం లాంటి మొద్దుకొన ఇనపపుల్లతో పొడవండి. బల్ల మైకుకి రెండడుగుల్లో ఉంటే 'టక్' అన్న చప్పుడు చివరి వరుసకి పోతుంది. తెర లేచేసరికే ఆంటొనీ రెండు మూడు పొడిచి ఉండాలి. అన్న పేరు దగ్గర ఒక పొడుపు, మేనల్లుడి పేరు దగ్గర ఒక పొడుపు, రెండూ ఒకే బలంతో. మేనల్లుడి దగ్గర ఆంటొనీ చెయ్యి తటపటాయించిందంటే అది వేరే నాటకం.

వీలునామా విషయంలో సామాన్లు చూసేవాడిని ముందే హెచ్చరించండి. మూడో అంకంలో ఆంటొనీ జనానికి చదివి వినిపించిన చుట్ట అదే, ప్రతి పౌరుడికీ 75 ద్రాక్మాలు అని ఊరించింది. దాన్ని అదే బల్ల మీద మరిచిపోతే, లెపిడస్ దేనికోసం వెళుతున్నాడో అర్థం కాక ముందు వరుసలో ఎవరో ఒకరు గట్టిగా చెబుతారు, "అదుగో అక్కడే ఉందిగా!" మూడో అంకం రెండో రంగం అయిపోగానే చుట్ట వింగ్‌లోకి పోవాలి. అదే రంగం చివర్లో సేవకుడు వచ్చి ఆక్టేవియస్, లెపిడస్ ఇద్దరూ సీజర్ ఇంట్లో ఉన్నారని చెబుతాడు. హత్య రంగంలో లెపిడస్ ఉన్నా మాటా లేదు, ఎవరూ పేరు పెట్టి పిలవరు. కాబట్టి ప్రేక్షకుడు అతని పేరు మొదటిసారి వినేది ఈ సేవకుడి నోటే. ఆ మాట గుంపు అల్లరిలో కొట్టుకుపోకుండా చూసుకోండి.

నిష్క్రమణ. బల్ల దగ్గర్నుంచి నాలుగు అడుగులు వేసి, ఆగి, ముప్పావు వంతు ప్రేక్షకుల వైపు తిరిగి "ఇక్కడే ఉంటారుగా?" అనాలి. పూర్తిగా వెనక్కి తిరిగి అడిగితే మాట మైకుకి పోదు. జవాబు చెప్పేది ఆక్టేవియస్, అదీ తల ఎత్తకుండా. ఆంటొనీ పలకనే పలకడు. లెపిడస్ వింగ్ దాటాక మూడు లెక్కపెట్టి ఆంటొనీ మొదలుపెట్టాలి. ఒడియా జాత్రా పద్ధతిలో మూడు వైపులా జనం, పొడవాటి నడవ ఉన్న వేదికైతే లెక్కపెట్టే పనిలేదు. లెపిడస్ నడవ మీద వెనుదిరిగి, తల ఎత్తుకుని దర్జాగా నడుస్తుండగానే ఆంటొనీ గొంతు తగ్గించి అనొచ్చు: "చెప్పిన చోటికి వెళ్లొచ్చే మనిషి, అంతకన్నా ఏం లేదు. ప్రపంచాన్ని మూడు వాటాలు వేస్తే ఒక వాటా వాడికా?" మామూలు వేదిక కన్నా ఇదే బాగా పండుతుంది.

ఆ తర్వాత ఆంటొనీ చెప్పే బంగారం మోసే గాడిద పోలికకి నవ్వు వస్తుంది, రానివ్వండి. బరువు దించాక చెవులాడించుకుంటూ బీళ్లలో మేయడానికి తోలేస్తారన్న ముక్క దాకా వెళ్లాలి, మధ్యలో నవ్వు కోసం ఆగొద్దు. అనుభవమున్న యోధుడు కదా అని ఆక్టేవియస్ అంటే, నా గుర్రమూ అంతే అంటాడు ఆంటొనీ. ఈ మాటల్ని పద్యంగా కట్టాలన్న సరదా ఎవరికైనా పుడితే అక్కడికక్కడే తుంచెయ్యండి. రాయబారం పద్యాలకి అలవాటుపడ్డ జనం వన్స్‌మోర్ కొడతారు, ఆంటొనీ మళ్లీ ఎత్తుకుంటాడు, రంగం రెండింతలవుతుంది. అందులో లెపిడస్ ఎవరో అందరూ మరిచిపోతారు.

ఓడ మీద విందు

'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా' రెండో అంకం ఏడో రంగం ఈ వేషానికి పెద్ద పరీక్ష. తమ మీద తిరగబడ్డ పాంపేతో రాజీ కుదిరాక అతని ఓడలో ముగ్గురు పాలకులూ తాగుతున్నారు. లెపిడస్ ముందుగా పడిపోతాడు. రంగం తెరుచుకునేది ఇద్దరు సేవకుల మాటలతో. లెపిడస్ మొహం ఎర్రబడిందనీ, తక్కినవాళ్లు తమ వంతు కూడా అతని చేత తాగిస్తున్నారనీ చెప్పుకుంటారు. పెద్ద పదవిలో కూర్చుని అందులో కదలికే లేని మనిషి, కళ్లుండాల్సిన చోట ఉత్త గుంతలున్న మొహం లాంటివాడని ఒకడంటాడు. ఈ ఇద్దరి చేతా బరంపురం బజారు తెలుగు మాట్లాడించండి, ఒడియా కలిసిపోయేది. పాలకులది నిదానమైన తెలుగు. తేడా చెవికి తగిలిందంటే పై అంతస్తులో జరిగే రాజకీయాన్ని కింద పనిచేసేవాళ్లు ఎంత తేటగా చూస్తున్నారో వేరే చెప్పక్కర్లేదు.

తాగినవాణ్ణి ఆడటంలో పద్ధతి ఉంది. తూలడంతో మొదలుపెట్టేవాడు రెండు నిమిషాల్లో చేతులెత్తేస్తాడు, ఆపైన చేయడానికి ఏమీ మిగలదు. మొదటి మెట్టు కళ్లు: చూపు మాట్లాడేవాడి మొహం మీదికి అర క్షణం ఆలస్యంగా రావాలి. రెండోది మాట: నత్తి వద్దు, అతిస్పష్టత కావాలి, ప్రతి అక్షరం జాగ్రత్తగా పెట్టినట్టు. ఒక్క 'పిరమిడ్లు' దగ్గర మాత్రం నాలుక తిరగదు, అసలు పాఠంలోనూ ఆ మాటే తడబడుతుంది. "టోలెమీల పిరిమిండీలు... చాలా బాగుంటాయని విన్నాను" అని, తప్పు అన్నానని తెలియకుండా హుందాగా తల పంకించాలి. మూడోది నడుము: కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరుగుతూ, తనకి తనే సర్దుకుంటాడు. పాంపే అతని పేరు మీద గ్లాసెత్తినప్పుడు లేవబోయి, కుదరక, కూర్చునే పుచ్చుకుంటాడు. తనకి అంత బాగోలేదు గానీ తప్పుకునే ప్రసక్తే లేదని చెప్పే మాట దగ్గర నవ్వించడానికి చూడొద్దు. నిజంగా పరువు నిలబెట్టుకుంటున్న మనిషిలా చెప్పాలి.

మొసలి సంభాషణ.

లెపిడస్: ఆ మొసలి అనేది ఎలా ఉంటుందంటావు?
ఆంటొనీ: మొసలిలాగే ఉంటుందండీ. దాని వెడల్పెంతో అంత వెడల్పు. ఎత్తెంతో అంతే ఎత్తు. దాని కాళ్లతోనే అది నడుస్తుంది.
లెపిడస్: రంగు?
ఆంటొనీ: దాని రంగే.
లెపిడస్: వింత పామే!
ఆంటొనీ: మరే. దాని కన్నీళ్లు తడిగా కూడా ఉంటాయి.

లండన్ జనానికి మొసలి కథల్లోని జంతువు. భితరకనిక ఉన్న రాష్ట్రంలో మొసలి గురించి ఎవరూ నోరెళ్లబెట్టరు. కాబట్టి ఇక్కడ వింత జంతువులో లేదు, అడిగే మనిషిలో ఉంది. జవాబులో ఒక్క సంగతీ లేదని లెపిడస్‌కి తట్టదు. ప్రతి ముక్కనీ రాజ్యవ్యవహారంలా చెవిన వేసుకుంటాడు. ఆంటొనీ నవ్వు దాచుకోవడానికి పక్కకి తిరగకూడదు, రాయబారి నివేదిక చదివినట్టు చదవాలి. పక్కన ఆక్టేవియస్ అస్సలు నవ్వడు, అతను తాగుతున్నదీ తక్కువే. ఈ మనిషిని ఎంత తేలిగ్గా పక్కకి నెట్టొచ్చో అతను చూసుకుంటున్నాడు. దర్శకుడు ఆక్టేవియస్‌ని లెపిడస్‌కి సరిగ్గా ఎదురుగా కూర్చోబెడితే చాలు.

ఇదే సమయంలో పాంపే అనుచరుడు మేనస్ పాంపే చెవిలో, తాడు కోసి ఓడని నడిసముద్రంలోకి వదిలి ముగ్గురి పీకలూ తెగ్గోస్తే ప్రపంచం నీదే అంటున్నాడు. చెప్పకుండా చేయాల్సింది అంటాడు పాంపే. మొసలి నవ్వు ఇంకా ఆరకముందే ఈ మాటలు జనానికి చేరాలి, కాబట్టి వాళ్లిద్దరికీ వేదిక ముందు భాగంలో వేరే మైకు పెట్టండి.

గ్లాసుల్లోకి ద్రాక్షరసం పొయ్యొద్దు, తెల్లబట్టల మీద మరక పోదు. పాలు లేని పల్చటి టీ చల్లార్చి, ఇత్తడి లోటాల్లో పావు వంతు చాలు. దండలు ఆకులవి కట్టండి. బంతిపూలు వేస్తే రోమన్ విందు పోయి పెళ్లిపందిరి వస్తుంది.

తర్వాత లెపిడస్‌ని ఎత్తుకెళ్లాలి. ఆంటొనీ అతన్ని ఒడ్డుకి చేర్చమంటాడు, ఒక సేవకుడు భుజాన వేసుకుంటాడు, ఆంటొనీ అనుచరుడు ఎనోబార్బస్ వాణ్ణి చూపించి మేనస్‌తో బలే గట్టివాడు, ప్రపంచంలో మూడో వంతు మోస్తున్నాడు అంటాడు. ఆ చమత్కారమంతా ఒక్కడు మోయడంలో ఉంది. అందుకని వేషాలు పంచేటప్పుడే మోసేవాణ్ణి చూసుకోండి. లెపిడస్ 70 కిలోలు దాటితే మామూలు కుర్రాడి వల్ల కాదు. ఎత్తేవాడు మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి లేవాలి. లెపిడస్ బరువంతా వదిలేయకూడదు: పొట్ట బిగించి, ఎత్తేవాడి వీపు వెనక తన మణికట్టు తానే పట్టుకుని ఉంటే సగం బరువు తగ్గినట్టుంటుంది, చూసేవాళ్లకి మాత్రం గోనెసంచిలా కనిపిస్తాడు. వారం రోజులు మామూలు బట్టల్లో చేయించి, ఆ తర్వాతే వేషంతో చేయించండి. పందిరి వేదికల మీద దీపాల వైర్లు నేల మీద పారుతుంటాయి, మోసుకెళ్లే దారిలో టేపు వేసి అణచండి. ఎనోబార్బస్ మాట సేవకుడు వేదిక మధ్యకి వచ్చినప్పుడు పడాలి. వింగ్ దగ్గర పడితే సగం మంది చూసే లోపే మనిషి మాయం.

ఇద్దరు మోయక తప్పకపోతే ఆ మాట కొట్టేయండి. ఇద్దరు మోస్తుంటే ఆ హాస్యం నిలబడదు.

మిగతా రంగాలు

అదే నాటకం రెండో అంకం రెండో రంగంలో ఆంటొనీకీ ఆక్టేవియస్‌కీ లెపిడస్ మధ్యవర్తి. చేదు సంగతుల్ని తీపి మాటల్తో తాకమని ఇద్దరికీ చెబుతాడు. బాగా చెప్పావంటాడు ఆంటొనీ, ఆ వెంటనే ఇద్దరూ కొట్లాటకి దిగుతారు. ఇక్కడ లెపిడస్ ఇద్దరి మధ్యా భౌతికంగా నిలబడాలి, గొడవ పెరిగేకొద్దీ ఒక్కో అడుగు వెనక్కి పడాలి. చివరికి వాళ్లిద్దరూ చేతులు కలిపేసరికి అతను పక్కన ఉంటాడు. నాలుగో రంగం పది వాక్యాల ముక్క, కొట్టేసినా నష్టం లేదు. ఆరో రంగంలో ఉన్న కొద్ది మాటలు గట్టిగా చెబితే చాలు.

మూడో అంకం రెండో రంగంలో ఎనోబార్బస్, ఆక్టేవియస్ అనుచరుడు అగ్రిప్పా కలిసి లెపిడస్‌ని అనుకరిస్తారు: ఆక్టేవియస్ అంటే ఎంత ప్రేమో, కాదు కాదు ఆంటొనీ అంటే ఇంకా ఎంత ప్రేమో! ఆ ఎగతాళి చేసేవాళ్లు లెపిడస్ పాత్రధారి అసలు అలవాట్లనే పట్టుకోవాలి. చెయ్యి సగం పైకెత్తడం, చివర్లో '-గా' అనడం లాంటివి. రిహార్సల్లో లెపిడస్ ఏం చేస్తున్నాడో రాసిపెట్టుకుని అవే వాడండి. వీళ్లు ముగించగానే లెపిడస్ వచ్చి, ఆంటొనీని పెళ్లాడి వెళుతున్న ఆక్టేవియస్ అక్క ఆక్టేవియాకి చెప్పే వీడ్కోలు, చుక్కలన్నీ నీ దారికి వెలుగివ్వాలన్నది, వేదిక మీద అతని ఆఖరి మాట. మెల్లగా, మనసారా చెప్పించండి. వెటకారం వద్దే వద్దు.

ఆ తర్వాత అతను కనిపించడు. పాంపే మీద యుద్ధానికి వాడుకుని, పని అవ్వగానే పాత ఉత్తరాలు సాకుగా ఆక్టేవియస్ అతన్ని బంధించాడని ఆంటొనీ అనుచరుడు ఈరోస్ ఐదో రంగంలో చెబుతాడు. మరీ క్రూరుడైపోయాడని ఆక్టేవియస్ ఆరో రంగంలో అంటాడు. లెపిడస్‌లో ఆ క్రూరత్వం చూసింది ఎవరూ లేరు, ఒక్క జాబితా రాసిన నాడు తప్ప. ఆ జాబితాకి ఆక్టేవియస్ కూడా భాగస్వామే. అందుకే రెండు నాటకాల రంగాలూ కలిపి ఒకే రాత్రి ఆడితే ఈ పాత్ర పూర్తవుతుంది. జాబితా రంగం 3 నిమిషాలు, మొదటి అంకంలో ఆక్టేవియస్ ఉత్తరం చదివే రంగం కత్తిరించి 4, లెపిడస్ మధ్యవర్తిగా ఉన్న సంధి 8, ఓడ 10, వీడ్కోలు 3, ఈరోస్ వార్తా ఆక్టేవియస్ మాటా కలిపి 3. అరగంట ఏకాంకిక తయారు. రెండో నాటకంలో ఆక్టేవియస్‌ని అందరూ 'సీజర్' అంటారు. మీరు మొదటి నుంచి చివరిదాకా ఆక్టేవియస్ అనే ఉంచండి, పొడిచి చంపిన సీజర్ లేచొచ్చాడని జనం గుసగుసలాడకుండా.

బట్టలు, మీసం

టోగాకి నాలుగున్నర మీటర్ల తెల్ల నూలుబట్ట, 54 అంగుళాల పన్నా. కింది అంచు గుండ్రంగా కత్తిరించండి. ఒక కొస ఎడమ భుజం మీంచి ముందుకి పిక్కల దాకా వేలాడదీసి, మిగతాది వీపు మీంచి కుడి చంక కిందుగా తెచ్చి, మళ్లీ ఎడమ భుజం మీద వెయ్యాలి. లోపల ట్యూనిక్‌కి రెండు పిన్నులు గుచ్చితే జారదు. పై అంచుకి మూడంగుళాల ఊదారంగు పట్టీ కుట్టండి. బరంపురం పట్టు దగ్గర్లో దొరుకుతుంది కదా అని గుడి అంచు చీర కట్టబెట్టొద్దు, పెళ్లికొడుకు వచ్చాడనుకుంటారు. ముగ్గురి బట్టా ఒకే తానులోంచి తీయండి, లెపిడస్‌ది మాత్రం కాస్త ఎక్కువ ఇస్త్రీతో ఉండనివ్వండి. ఓడ రంగంలో టోగా వద్దు. మోకాళ్ల దాకా ట్యూనిక్, మీద పల్చటి ఉత్తరీయం చాలు, మోసేటప్పుడు కాళ్లకి అడ్డం పడదు.

ఆ కాలపు రోమన్ పెద్దలు నున్నగా గీయించుకునేవాళ్లు. మనవాళ్లు మీసం తీయమంటే వేషమే వద్దంటారు. మేకప్‌తో మీసం కప్పితే లైట్ల వేడికి గంటలో ఊడి, మాట్లాడుతుంటే పొలుసులు రాలతాయి. ముగ్గురూ తీసెయ్యడమో ముగ్గురూ ఉంచుకోవడమో తేల్చుకోండి. ఒక్క లెపిడస్‌కే మీసం ఉంటే గుంపులో పల్లెటూరి మామయ్యలా కనిపిస్తాడు, ఒక్కడికే లేకపోతే వెలితిగా ఉంటుంది.

మొత్తం నాటకం ఆడుతుంటే 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా'లో ఈ నటుడు మూడో అంకం రెండో రంగం తర్వాత ఖాళీ. ఐదో అంకంలో బుట్టలో పాములు తెచ్చే పల్లెటూరివాడి వేషం అతనికే ఇవ్వొచ్చు, మధ్యలో మేకప్ మార్చుకోవడానికి కావాల్సినంత టైముంది. అప్పుడు గొంతు పూర్తిగా మార్చాలి, చెయ్యి సగం పైకెత్తే అలవాటు మానాలి. 'జూలియస్ సీజర్' మాత్రమే ఆడుతుంటే మొదటి అంకంలో జనాన్ని తిట్టి పంపే ట్రిబ్యూన్ ఫ్లేవియస్ సరిపోతాడు. మూడో అంకంలో కవి సిన్నా మాత్రం వద్దు. గుంపు అతన్ని చీల్చేసిన రంగం అవగానే జాబితా రంగం మొదలవుతుంది, మొహం తుడుచుకుని టోగా కట్టుకునేంత వ్యవధి ఉండదు.